లోపల జాగ ఉన్నది

నిలవడుడు నాకు ఏ గురువూ నేర్పలే.
ఇరవై రెండేండ్లు అఫ్జల్‌గంజ్ బస్సుల
ఒక చేతిల టికెట్ల కట్ట, ఒక చేతిల చిల్లర,
కడ్డీ పట్టుకుందామంటే మూడో చెయ్యి లేక
పాదాలనే నమ్ముకున్న.
చిక్కడపల్లి మలుపు కాడ కుడి మడిమె మీదికి,
నారాయణగూడ బ్రేకుకు బొటనవేళ్ల మీదికి
ఒళ్లు తనంతట తనే బరువు మార్చుకునేది.

నడుము పోయి ఉద్యోగం ఇడిసినంక
అమీర్‌పేటల మూడు నెలల కోర్సుకు పోయిన.
వృక్షాసనం వెయ్యమన్నడు సారు.
ఒంటికాలు మీద నిలబడి
గోడ గడియారం చూసుకుంట ఉన్న.
"ఎన్నేండ్ల సాధనమ్మా?"
"డబుల్ డ్యూటీలు కూడ కలపాల్నా సార్?"
ఆయన నవ్వలే.
చెట్టు కదలొద్దన్నడు.
కదలని చెట్టును నేనైతే ఎన్నడూ చూడలే.

ఇప్పుడు వారాసిగూడల, కమ్యూనిటీ హాల్ల,
పొద్దుగాల ఐదున్నరకు నా క్లాసు.
మ్యాట్లు కొననోళ్లకు
ఎలక్షన్లైనంక విప్పుకొచ్చిన ఫ్లెక్సీలు,
బొమ్మ కిందికి, తెలుపు మీదికి.
ఎవరు గెలిచిండ్రో యాదికి లేదు గని
దండం పెట్టిన ఆ చేతులే
మా అందరి వీపులు మోస్తున్నయ్.

జహీదా పెండ్లిళ్లకు బిర్యానీ దేగ్‌లు దించి దించి
మోకాళ్లు అరగదీసుకున్నది.
"ఇంతే వంగుతది అక్కా" అంటది.
ఇంతే చాలంట.
పుట్‌బోర్డు మీద వేలాడేటోళ్లను చూసిన దాన్ని,
ఎవరి కాలుకు ఎంత జాగ దొరికితే అంతే ప్రయాణం.

దర్జీ విఠలయ్య
వెల్లకిల పడుకుని కండ్లు మూసినా
కుడి పాదం ఆగదు.
కిందికి, మీదికి, కిందికి,
లేని మిషను తొక్కుతనే ఉంటది.
కొత్తల ఆ పాదం మీద చెయ్యి పెట్టి ఆపేదాన్ని.
ఇప్పుడు ఆపను.
నిద్రల నా బొటనవేలు
ఇంక టికెట్లు చింపుతనే ఉంటదని
నా బిడ్డ చెప్పింది.

ఊపిరి బిగబట్టుమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.
కోర్సు పుస్తకంల ఉన్నది, పరీక్షల రాసిన,
మార్కులు కూడ వచ్చినయ్.
గాని గాంధీ దవాఖానల
తమ్ముడు భూమేశు పక్కన తొమ్మిది రాత్రులు కూసున్న.
పీల్చేటోడు.
ఆగేటోడు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
డిపోల కలెక్షన్ తక్కువొస్తదని భయపడ్డట్టు
లెక్కపెట్టేదాన్ని.
ఇడిసేటోడు. మళ్ల పీల్చేటోడు.
తొమ్మిదో తెల్లారి
పదకొండు దాటింది, ఇరవై దాటింది,
నర్సమ్మ వచ్చి భుజం తట్టేదాంక
నా నోరు లెక్కపెడుతనే ఉన్నది.

చిల్లర లేనప్పుడు టికెట్ ఎనక రాసిచ్చేదాన్ని,
దిగేటప్పుడు అడుగుమని.
మర్చిపోయి దిగిపోయినోళ్లు ఎందరో.
వాడు కూడ అడగకుండనే దిగిండు.

శవాసనం అన్న మాట నా నోటికి రాదు.
"జర ఒరుగుండ్రి" అంట.
మొన్న కొత్తగ వచ్చిన పిల్ల,
రాత్రి డ్యూటీ నుంచి సీదా వస్తది, మెడల కార్డు కూడ తియ్యదు,
ఛాతీ మీద చెయ్యేసుకుని
"లోపల బిగుసుకపోయింది మేడం, గాలి పోతలేదు" అన్నది.
ఏం చెప్పాల్నో తెల్వలే.
పుస్తకంల మాట ఒక్కటీ యాదికి రాలే.
నోటికొచ్చింది నా పాత కేకనే,
గొంతు మాత్రం తగ్గించిన:
"జరుగుండ్రి, జరుగుండ్రి,
లోపల జాగ ఉన్నది."
అందరు నవ్విండ్రు.
ఆ పిల్ల నవ్వలే.
కండ్లు మూసుకుని
కొంచెం కొంచెమే పీల్చింది,
పండుగ రద్దీల ఒక ముసలవ్వకు
ఎవరో సీటు ఇచ్చినట్టు.

బయట మొదటి బస్సు పోయింది.
కిటికీ అద్దాలు గలగలమన్నయ్.
ఫ్లెక్సీల మీద అందరు సప్పుడు లేకుండ పడుకున్నరు,
విఠలయ్య పాదం ఒక్కటే కుడుతున్నది.
నడుమ నిలబడ్డ నేను
ఎటో మలుపు వచ్చినట్టు
మడిమెల మీద బరువు మార్చుకున్న.